దీపా ధన్‌రాజ్ సినిమాలు, మన మీడియా: ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు?

#1 పాతరీలు

ఈ విభాగంలో డాక్యుమెంటరీ అనగానే ఆనంద్ పట్వర్ధన్ పేరు వస్తుంది, చర్చ అక్కడే తిరుగుతుంది. దానికేం, ఆయన అంత పని చేశారు. కానీ హైదరాబాద్‌లో పుట్టి, బెంగళూరులో ఉంటూ, నలభై ఏళ్ళకు పైగా సినిమాలు తీస్తున్న దీపా ధన్‌రాజ్ గురించి ఇక్కడ వెతికితే ఒక్క థ్రెడ్ లేదు. తెలుగులో ఆమె తీసిన కథాచిత్రం ఉంది, పాతబస్తీ మీద సినిమా ఉంది, పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ గారి మీద ఉంది, రోహిత్ వేముల ఉద్యమం మీద ఉంది. అయినా మనకి పట్టలేదు.

తెలియనివాళ్ళకి కొంచెం నేపథ్యం. 1980లో ఆభా భయ్యా, దీపా ధన్‌రాజ్, మీరా రావు, కెమెరామన్ నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కలిసి 'యుగాంతర్' అనే బృందం పెట్టారు. 1983 కల్లా నాలుగు చిన్న సినిమాలు తీశారు. 'మోల్కరీణ్' పుణెలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు సంఘం పెట్టుకోవడం గురించి. 'తంబాకు చాకిలా ఊబ్ ఆలీ' కర్ణాటక నిపాణిలో పొగాకు ఫ్యాక్టరీల ఆడ కూలీల గురించి. 'ఇది కథ మాత్రమేనా' హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి తెలుగులో తీసింది, సంసారంలో హింస గురించి. 'సుదేశ' చెట్లు నరకనివ్వకుండా అడ్డుకున్న చిప్కో ఉద్యమంలో ఉన్న ఒక కొండప్రాంతపు మనిషి గురించి. ఆ తర్వాత బృందం ఆగిపోయింది. దీప ఆగలేదు.

నా మాట ముందే చెప్పేస్తా. ఆడవాళ్ళ మీద తీసిన సినిమాలు బోలెడున్నాయి. వాటిలో ఏది ఫెమినిస్టు సినిమా అనేది కథను బట్టి తేలదు. ఎవరితో కూర్చుని తీశారు, తీసాక ఎవరికి చూపించారు అనేదాన్ని బట్టి తేలుతుంది. ఒప్పుకోనివాళ్ళు రండి.

#2 సందేహాలరావు

పాతరీలు గారూ, థ్రెడ్ పెట్టినందుకు సంతోషం. కానీ ఒప్పుకోను. ప్రేక్షకుడికి తెర మీద కనపడేదే సినిమా. తీసినవాళ్ళు ఎంత మంచివాళ్ళో, ఎన్ని మీటింగులు పెట్టుకున్నారో నాకెందుకు? పద్ధతికి మార్కులు వేయడం మొదలుపెడితే మంచి మనసుతో తీసిన ప్రతి నీరసం సినిమానీ మెచ్చుకోవాల్సి వస్తుంది.

పైగా ఇవన్నీ ముందే ఒక పక్షం తీసుకుని తీసినవి. ప్రభుత్వం అలా తీస్తే ప్రచారం అంటాం. ఉద్యమం తీస్తే కళ అంటామా?

#3 ఎడిట్_టేబుల్

రావు గారూ, పద్ధతి తెర మీద కనపడదని ఎవరన్నారు?

'తంబాకు' తీసుకోండి. యుగాంతర్ వాళ్ళు నిపాణిలో ఆ కార్మికుల మధ్య నాలుగు నెలలు గడిపారు. ఏం తీయాలి, ఏది వదిలేయాలి అన్నది వాళ్ళతో మాట్లాడి తేల్చుకున్నారు. అప్పటికే జరిగిపోయిన సమ్మె ఘట్టాల్ని ఆ ఆడవాళ్ళే మళ్ళీ చేసి చూపించారు. బయటి మనుషుల్ని గడప తొక్కనివ్వని ఫ్యాక్టరీల లోపలికి కెమెరా వెళ్ళింది.

ఇక్కడ ఒక టెక్నికల్ సంగతి చెప్పాలి, లేకపోతే ఆ నాలుగు నెలల విలువ అర్థం కాదు. ఇవాళ ఫోన్‌లో రికార్డ్ నొక్కి వదిలేస్తాం, పనికొచ్చేది తర్వాత ఏరుకుంటాం. అప్పటి 16 ఎం.ఎం. ఫిల్ములో 400 అడుగుల రోలు పదకొండు నిమిషాలే నడుస్తుంది. అయిపోగానే ఆపి మ్యాగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్ము డబ్బా) మార్చాలి. ఫిల్ము కొనాలి, ల్యాబ్‌లో కడిగించాలి, ప్రింటు వేయించాలి, అన్నింటికీ డబ్బే. చేతిలో డబ్బు ఆడని చిన్న బృందం కెమెరా ఆన్ చేసే లోపే ఎదుటి మనిషి ఏం చెప్పబోతోందో, అది ఎందుకు కావాలో తెలుసుకుని ఉండాలి. లేకపోతే రోలంతా గాలికి పోతుంది. అంటే వినడం అంతా షూటింగ్ ముందే జరిగిపోవాలి. ఆ సినిమాలో మనుషులు కెమెరాకి ఎంత దగ్గరగా ఉన్నారో, దాన్ని ఎంత పట్టించుకోకుండా ఉన్నారో చూడండి. అది లెన్స్ మార్చితే వచ్చే దగ్గరితనం కాదు.

నవ్‌రోజ్ గురించి ఒక ముక్క. మణి కౌల్ 'దువిధ' (1973)కి కెమెరా పట్టింది ఆయనే. అంత రంగుల మీద పట్టున్న మనిషి ఇక్కడ నలుపు తెలుపులో, ఎక్కడా తన ప్రతిభ వైపు మన దృష్టి తిప్పకుండా తీశారు. 2023లో పోయారు. కెమెరా నేర్చుకునే పిల్లలకి నేను ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడమంటాను.

#4 కంచెపూలు

ప్రచారం అన్న మాటకి నేను జవాబు చెప్తాను.

మా తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. హాల్లో అసలు సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ వార్తాచిత్రం తప్పనిసరిగా వేసేవాళ్ళు. ఒక మగ గొంతు పైనుంచి అన్నీ తెలిసినట్టు చదువుతూ ఉంటుంది. కింద మనుషులు నడుస్తుంటారు, నాట్లు వేస్తుంటారు, నవ్వుతుంటారు. వాళ్ళలో ఒక్కరి గొంతూ వినపడదు. ఆనకట్ట గురించైనా, ఎరువుల గురించైనా, పిల్లలు ఇద్దరే చాలు అన్నా అదే గొంతు. ఆ గొంతు ఎవరిదో, ఎవరి తరఫున మాట్లాడుతోందో చెప్పదు. దేశమే మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

'తంబాకు'లో వ్యాఖ్యానం 'మేము' అంటుంది. పని గురించి, కూలి గురించి, సంఘం గురించి కార్మికుల వైపు నుంచి చెప్తుంది. ఎవరి పక్షమో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. రావు గారికి నచ్చకపోతే అక్కడే వాదన వేసుకోవచ్చు. పక్షం దాచిపెట్టిన సినిమాతో ఆ వెసులుబాటు ఉండదు.

ఇంకోటి. ఈ సినిమాలు టిక్కెట్టు పెట్టి ఆడించడానికి తీసినవి కావు. ప్రొజెక్టర్ మోసుకుపోయి బస్తీల్లో, సంఘాల మీటింగుల్లో వేసేవాళ్ళు. దీపం వెలిగించాక మాటలు మొదలయ్యేవి. ఒక ఊళ్ళో పనిమనుషుల సంఘం కథ చూసి ఇంకో ఊరివాళ్ళు మన దగ్గర ఎందుకు కుదరదు అని అడగాలి, అందుకే తీశారు. సినిమా అయిపోయాక జరిగే ఆ చర్చను వదిలేసి పాతిక నిమిషాల రీలుకే మార్కులు వేస్తే సగం పరీక్ష పేపరే దిద్దినట్టు.

#5 బ్రేకింగ్_బాబాయ్

అందరికీ నమస్తే. ఇరవై ఏళ్ళుగా టీవీ న్యూస్‌లో ఉన్నవాణ్ణి, కాబట్టి తిట్టించుకోవడానికి సిద్ధపడే రాస్తున్నా.

నాలుగు నెలలు వినడం చాలా గొప్ప. నాకు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ వస్తుంది, ఆరింటి బులెటిన్‌కి బైట్ (కెమెరా ముందు ఎవరో ఒకరు చెప్పే రెండు ముక్కలు) కావాలి. కట్నం చావు అయితే తల్లి ఏడుస్తున్న షాట్ ఉందా అని అడుగుతారు. లేదంటే పక్క ఛానల్లో వచ్చింది కదా అంటారు. డాక్యుమెంటరీ వాళ్ళకి ఉన్న టైమ్ మాకు లేదు. ఇద్దరినీ ఒకే తూకం వేయకండి.

#6 కంచెపూలు

బాబాయ్, టైమ్ లేకపోవడం నిజం. కానీ ఆ మూడు గంటల్లో ఏం తేవాలన్నది ఎవరో ముందే నిర్ణయించారు కదా. తల్లి ఏడుపు కావాలి, తల్లి మాట అక్కర్లేదు. అమ్మాయి ఫోటో కావాలి, మూడు నెలల కిందట స్టేషన్‌కి వెళ్ళి ఇచ్చిన ఫిర్యాదు ఏమైందో అక్కర్లేదు. రెండోది కనుక్కోడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం 1983 నుంచీ ఉంది, అప్పట్లో ఐపీసీ 228ఎ సెక్షన్. అయినా దిశ కేసులో 2019 నవంబరులో మొదటి రెండు రోజులు పేరూ ఫోటో ఎలా తిరిగాయో మీకే బాగా తెలుసు. అది టైమ్ లేక జరిగింది కాదు.

#7 బ్రేకింగ్_బాబాయ్

ఆ రెండు రోజుల గురించి నా దగ్గర సమాధానం లేదక్కా.

#8 రాంనగర్_చౌరస్తా

నేను 'ఇది కథ మాత్రమేనా' గురించి మాట్లాడతా, ఎందుకంటే అది మన భాషలో ఉండి కూడా మనకి తెలియని సినిమా.

ముందు ఆ రోజులు గుర్తు చేసుకోండి. 1978లో హైదరాబాద్‌లో రమీజా బీ కేసు. పోలీస్ స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం, భర్తని కొట్టి చంపడం, ఊరు భగ్గుమనడం. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. కేసు రాయచూరు కోర్టుకి మారింది, అక్కడ వాళ్ళు విడుదలైపోయారు. ఈ మొత్తంలో విచారణ ఎక్కువగా నడిచింది ఆమె శీలం మీదే. అదే ఏడాది స్త్రీ శక్తి సంఘటన మొదలైంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటలతో 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది వీళ్ళే. అందుకని సినిమా తీద్దాం అనుకున్నప్పుడు కూడా వాళ్ళ దారి అదే: ముందు కూర్చుని ఒకరికొకరు చెప్పుకోవడం. ఆ మాటల్లోంచి కథ కట్టారు. నటించింది కూడా సంఘం మనుషులే. డైలాగు కాగితం పట్టుకుని అప్పజెప్పించింది కాదు, అక్కడికక్కడ అల్లుకున్నది.

మొదటిసారి చూసినప్పుడు నటన కొంచెం బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, ఒప్పుకోవాలి. కానీ ఆడవాళ్ళిద్దరు కూర్చుని మాట్లాడుకునే చోట్ల ఏ నటీ చేయలేని పని జరుగుతుంది. చెప్పాలా వద్దా అని ఆగడం, వేరే సంగతి ఎత్తడం, మళ్ళీ అక్కడికే రావడం. మన టీవీ సీరియల్‌లో చెంపదెబ్బ మూడు యాంగిల్స్‌లో మూడు సార్లు పడుతుంది, ఉరుము కూడా వేస్తారు. దెబ్బ పడ్డాక ఆ మనిషి ఎవరితో ఏం మాట్లాడుతుంది అనేదానికి మాత్రం ఫుటేజ్ ఉండదు. వెంటనే యాడ్.

భర్త క్రూరత్వాన్ని నేరం చేసిన 498ఎ వచ్చింది కూడా 1983లోనే. అంటే ఈ సినిమా తయారవుతున్నప్పుడు ఇంట్లో దెబ్బలు ఇంకా సంసారంలో మామూలే అనే లెక్క. గృహహింస చట్టానికి ఇంకా ఇరవై రెండేళ్ళు ఉంది.

#9 సందేహాలరావు

> మొదటిసారి చూసినప్పుడు నటన కొంచెం బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, ఒప్పుకోవాలి.

థాంక్స్. ఇది ఎవరో ఒకరు అంటారా లేదా అని చూస్తున్నా.

#10 ఏఎన్ఎం_అక్క

నేను సినిమాల మనిషిని కాదు. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పనిచేస్తాను. ఒక ట్రైనింగ్‌లో 'సంథింగ్ లైక్ ఎ వార్' చూపించారు కాబట్టి రాస్తున్నా. 1991లో వచ్చింది, మన కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద.

అందులో ఒక డాక్టరు లాప్రోస్కోపీ (పొట్టకి చిన్న గాటు పెట్టి గొట్టంతో చేసేది) క్యాంపులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తుంటాడు. తను ఎన్ని చేశాడో, ఒక్కోదానికి ఎంత తక్కువ టైమ్ పడుతుందో గర్వంగా చెప్పుకుంటాడు. ఆడవాళ్ళని వరసగా తెచ్చి పడుకోబెడతారు, అయిపోగానే దించుతారు. ఎవరూ వాళ్ళ మొహం చూసి ఒక్క మాట మాట్లాడరు. ఇక్కడ వ్యాఖ్యానం అక్కర్లేదు. మా హాల్లో ఉన్న నర్సులందరం తలలు దించుకున్నాం.

మధ్యమధ్యలో ఇంకో సీను వస్తుంటుంది. పల్లె ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, ఆడమనిషి ఒంటి బొమ్మ గీసుకుని, నెలసరి గురించీ కోరిక గురించీ పిల్లల గురించీ నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు. క్యాంపులో అదే ఒళ్ళు టార్గెట్ రిజిస్టర్‌లో ఒక అంకె. ఈ రెండూ పక్కపక్కన పెట్టడమే ఆ సినిమా చేసిన పని.

కొంచెం లెక్క చెప్తాను, ఎందుకంటే ఇది పాత గొడవ అనుకుంటారు. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ మగవాళ్ళకి. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. ఆ దెబ్బతో మళ్ళీ ఏ ప్రభుత్వమూ మగవాళ్ళ జోలికి పోలేదు, కార్యక్రమం మొత్తం ఆడవాళ్ళ మీదకి తిరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తం మీద మగవాళ్ళ ఆపరేషన్లు 0.3 శాతం. మగవాళ్ళది చాలా చిన్న ఆపరేషన్, పొట్ట కోయక్కర్లేదు. ఇది చెప్పడానికి ఇంటికి వెళ్తే అత్తగారే తలుపేసేస్తుంది.

ఇన్ని ఆపరేషన్లు చేయాలన్న టార్గెట్లు 1996లో కాగితం మీద తీసేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క క్యాంపులో 83 మందికి చేశారు, పది మందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు క్యాంపులు మూడేళ్ళలో ఆపేయమంది. 2022 ఆగస్టులో మన ఇబ్రహీంపట్నంలో డీపీఎల్ (అదీ ఒక రకం లాప్రోస్కోపీయే) క్యాంపు, 34 మందికి చేస్తే నలుగురు పోయారు. ఇబ్రహీంపట్నం వార్త వచ్చిన రోజు నాకు ఆ సినిమాలో డాక్టరు మొహమే కళ్ళ ముందుకి వచ్చింది. టీవీలో మాత్రం ఎంత నష్టపరిహారం, ఎవరి సస్పెన్షన్ అని నాలుగు రోజులు నడిచి ఆగిపోయింది.

#11 పాతరీలు

అక్కా, ఈ థ్రెడ్ పెట్టినందుకు నాకు దక్కిన పోస్టు ఇది.

#12 సందేహాలరావు

అక్క రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా. అయినా ఒక ప్రశ్న వదలదు. ఆ డాక్టరు కెమెరా ముందు నమ్మకంగా మాట్లాడాడు. తన పని గొప్పదనుకున్నాడు. ఆ మాటల్నే తిప్పి అతని మీదకి వాడారు. నిపాణి కూలీలతో కూర్చుని ఏం తీయాలో అడిగినవాళ్ళు డాక్టర్ని అడిగారా? పద్ధతే ఫెమినిజం అని పాతరీలు గారు మొదట్లో అన్నారు. మరి పద్ధతి మనిషిని బట్టి మారుతుందా?

#13 ఎడిట్_టేబుల్

మంచి ప్రశ్న. ఎడిటింగ్‌లో రోజూ వచ్చే ప్రశ్న ఇదే.

నా జవాబు: అవును, మారుతుంది, మారాలి కూడా. ఆ డాక్టరు చేతిలో కత్తి ఉంది, ప్రభుత్వం ఉంది, మైకు ఉంది, అవార్డులు ఇచ్చే వ్యవస్థ ఉంది. అతని మాట కత్తిరించి వక్రీకరించి ఉంటే అది మోసం. అలా చేయలేదు, అతన్ని అతని ధోరణిలోనే పూర్తిగా మాట్లాడనిచ్చారు. పడుకోబెట్టిన మనిషికి ఆ అవకాశం కూడా లేదు. ఆమె మొహం చూపించడం గురించి నాకు అసలు బెంగ. ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషి నుంచి ఒప్పుకోలు అంటే ఏమిటి? మత్తులో ఉన్నప్పుడు తీసిన షాట్ ముప్ఫై ఏళ్ళుగా ప్రపంచమంతా తిరుగుతోంది. డాక్టరు కన్నా ఆమె గురించి అడగాలి మీరు.

#14 కంచెపూలు

ఇద్దరికీ ఒక సంగతి గుర్తు చేస్తాను. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగం మొదలుపెట్టారు. వచ్చిన ఆడవాళ్ళకి ఇది ప్రయోగం అని సరిగ్గా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళి అడిగారు, గొడవ చేశారు. 1986లో ఢిల్లీలోని సహేలి అనే మహిళా సంఘంతో, ఇంకొందరితో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఈ సినిమా ఆకాశంలోంచి ఊడిపడలేదు. దాని వెనక పటాన్‌చెరు లాంటి కొట్లాటలున్నాయి. ఎడిట్_టేబుల్ అడిగిన ఒప్పుకోలు ప్రశ్న కూడా అక్కడ అడిగిందే: తెలియకుండా ఒళ్ళు వాడుకోకూడదు అని. ఆ ప్రశ్న కెమెరాకీ వర్తిస్తుంది, అది నేను కాదనను.

#15 మోడరేటర్

డాక్టర్ల వృత్తి మీద వ్యక్తిగత దూషణలున్న రెండు పోస్టులు తీసేశాం. మిగతా చర్చ చాలా బాగా నడుస్తోంది, కొనసాగించండి.

#16 పాతబస్తీ_పతంగి

'క్యా హువా ఇస్ షహర్ కో' మీద ఒక్కరూ రాయలేదేంటి? 1986లో వచ్చింది, 'హైదరాబాద్ ఏక్తా' అనే సంఘం వాళ్ళతో కలిసి తీసింది. 1984 సంగతి. ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించేశారు, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యాడు, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్ళీ వచ్చాడు. ఆ గందరగోళంలోనే గణేశ్ నిమజ్జనం, మత గొడవలు, కర్ఫ్యూ. ఆ కర్ఫ్యూ రోజుల్లోనే వీళ్ళు కెమెరాతో పాతబస్తీలో ఉన్నారు.

మా నాయన ఆ రోజుల గురించి ఇంట్లో ఎక్కువ మాట్లాడడు. నాకు ఆ సినిమా చూసినాకే తెలిసింది, స్టేజీ మీద అటోళ్ళు ఇటోళ్ళు ఎట్లా మాట్లాడిండ్రో. ఇప్పుడు గొడవ జరిగితే ఫోన్‌లో ఇరవై సెకన్ల వీడియో వస్తది, ఎవడు మొదలుపెట్టిండు అనేదే ప్రశ్న. ఈ సినిమా ఆ ప్రశ్న దగ్గర ఆగదు. ఊరేగింపు ఏటేటా ఎట్లా పెద్దగైంది, దానివల్ల ఎవరికి ఓట్లొచ్చినయ్, కర్ఫ్యూల రోజు కూలోళ్ళు ఏం తిన్నరు, గిట్ల పోతది. గంటన్నర సినిమా. ఆ ప్రింటుని బెర్లిన్‌లో 'ఆర్సెనల్' అనే సంస్థ బాగుచేసింది. మన ఊరి సినిమా, జర్మనీలో బతికి బయటపడ్డది. ఇక్కడ మనకి ఒక మంచి ఆర్కైవ్ ఉంటే బాగుండేది.

#17 ఎడిట్_టేబుల్

యుగాంతర్ సినిమాల్ని కూడా ఆర్సెనల్ వాళ్ళే డిజిటల్ చేశారు. ఫిల్ము మన వాతావరణంలో డబ్బాలో పెట్టి వదిలేస్తే వెనిగర్ వాసన కొట్టి ముడుచుకుపోతుంది. ఉద్యమ సినిమాలకి ఎవరు ఏసీ గది కడతారు?

#18 నీలికండువా

అందరూ మెచ్చుకుంటున్నారు, నేను కొంచెం అడ్డం పడతాను.

'వుయ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై' (2018) రోహిత్ పోయాక లేచిన ఉద్యమం మీద. 2016 జనవరి 17 తర్వాత సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నవాళ్ళలో నేనొకణ్ణి. మంచి సినిమా. విద్యార్థుల్ని మాట్లాడనిచ్చింది, రాధికమ్మని ఏడ్చే తల్లిగా కుదించలేదు. టీవీలు ఆ కుటుంబం కులం సర్టిఫికెట్ ఏంటని వారాల తరబడి చర్చ పెట్టాయి. సినిమా ఆ ఉచ్చులో పడలేదు. ఇదంతా ఒప్పుకుంటా.

కానీ 1980ల్లో నిపాణి కూలీల చేతికి కెమెరా ఇవ్వలేకపోవడం అర్థమవుతుంది. పదకొండు నిమిషాల రోలు, ఖర్చు, ట్రైనింగ్. 2016లో మా చేతిలో ఫోన్లున్నాయి. మేమే తీశాం, మేమే ఎక్కించాం. అయినా ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి వెళ్ళేది, మీరు ఇక్కడ థ్రెడ్ పెట్టేది పేరున్న డైరెక్టర్ సినిమాకే. వినడం గొప్పే. ఎన్నాళ్ళు మేం చెప్తూ, వేరేవాళ్ళు వింటూ ఉండాలి?

#19 పాతరీలు

నీలికండువా గారూ, ఈ ప్రశ్నకి సర్దిచెప్పే జవాబు నేను ఇవ్వను. యుగాంతర్ లాంటి బృందాల మీద కూడా అప్పట్లోనే ఈ ప్రశ్న వచ్చింది: చదువుకున్న నగరపు ఆడవాళ్ళు కూలీ ఆడవాళ్ళ కథ చెప్పడం ఏమిటని. 'మేము' అనే వ్యాఖ్యానం ఆ ప్రశ్నకి ఒక ప్రయత్నం. సరిపోయిందా అంటే సరిపోలేదనే అంటాను.

ఒక్కటి మాత్రం పక్కన పెట్టి చూడండి. 2011లో ఆమె తీసిన 'ఇన్వోకింగ్ జస్టిస్' తమిళనాడులో ముస్లిం ఆడవాళ్ళు 2004లో పెట్టుకున్న సొంత జమాత్ (ముస్లింల పంచాయితీ) గురించి. ఊరి జమాత్‌లో మగవాళ్ళు కూర్చుని ఆడవాళ్ళ విడాకుల మీద తీర్పు చెప్తుంటే, అక్కడికి ఆ ఆడవాళ్ళనే రానివ్వరు. అందుకని వీళ్ళు తమ జమాత్ పెట్టుకుని కేసులు వింటారు, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి పోట్లాడతారు. కెమెరా ఆ పంచాయితీలో ఒక మూల కూర్చుంటుంది. అక్కడ అసలు వినే పని వాళ్ళదే, డైరెక్టర్‌ది కాదు. ఆ సినిమా చూశాక నాకు మీ ప్రశ్న ఇంకా బలంగా అనిపించింది.

#20 నీలికండువా

ఈ జవాబు నాకు నచ్చింది. మావాళ్ళు తీసిన ఫుటేజ్ గురించి వేరే థ్రెడ్ పెడతా. అక్కడికి కూడా ఇంతమంది రావాలి మరి.

#21 బ్రేకింగ్_బాబాయ్

ఒక ప్రాక్టికల్ సంగతి. ఇలాంటి సినిమాని పబ్లిక్‌గా వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. 2004లో ముంబై డాక్యుమెంటరీ ఫెస్టివల్‌లో మన దేశపు డాక్యుమెంటరీలకి మాత్రమే సర్టిఫికెట్ అడిగితే, తీసినవాళ్ళంతా తిరగబడి 'వికల్ప్' పేరుతో పక్కనే తమ ప్రదర్శన పెట్టుకున్నారు. మా న్యూస్‌కి అలాంటి సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి ఎవడేమన్నా లైవ్‌లో పోతుంది. పాతిక నిమిషాల పొగాకు కూలీల సినిమాకి మాత్రం ముద్ర కావాలి.

మా డెస్క్‌లో కొత్తగా చేరిన పిల్లలకి 'తంబాకు' చూపిద్దామని ఉంది. బైట్ ఎలా తీసుకోకూడదో చెప్పడం కన్నా అది తేలిక.

#22 ఏఎన్ఎం_అక్క

మా ఆశా వర్కర్లకి 'సంథింగ్ లైక్ ఎ వార్' చూపించాలని నాకూ ఉంది. కానీ హిందీ, ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. మా వాళ్ళకి తెలుగు కావాలి. ఎవరైనా సాయం చేస్తారా? డాక్టర్లని పిలవాలా వద్దా అన్నది కూడా తేల్చుకోలేదు. పిలిస్తే మావాళ్ళు నోరు విప్పరు.

#23 ఎడిట్_టేబుల్

సబ్‌టైటిల్స్ నేను చేస్తాను, అనువాదం కంచెపూలు గారు చూస్తే బాగుంటుంది. ముందు తీసినవాళ్ళకి మెయిల్ రాసి అనుమతి తీసుకుందాం. ఆ ఉత్తరం పాతరీలు గారు రాయాలి. డాక్టర్లకి వేరే రోజు వేయండి, ఒకే గదిలో వద్దు.

#24 సందేహాలరావు

డాక్టర్ల రోజుకి నన్ను పిలవండి. వాళ్ళ తరఫున అడిగే మనిషి ఒకడైనా ఉండాలి కదా. సినిమా తర్వాత చర్చ ఎంతసేపో మాత్రం ముందే చెప్పండి, నాకు చివరి బస్సు తొమ్మిదింబావుకి.